గడువు – ధర్మము

విరాటుని గోవులను మరలించుటకై అర్జునుడు గాండీవము చేపట్టి నిలిచిన నాడు కౌరవసేనలో నొక వివాదము పుట్టినది. పదుమూడవ సంవత్సరము నిండకమునుపే పాండవులు బయటపడిరని దుర్యోధనుని ఆశ. ఒక్క దినము తక్కువైనను చాలును, వారిని మరల అడవులకు పంపవచ్చును. సందేహము తీర్పుమని భీష్ముని అడిగిరి. ఆ వృద్ధుడు అయిదేండ్లకు రెండు చొప్పున వచ్చు అధికమాసములను లెక్కించి, పదుమూడేండ్లకు పైన అయిదు నెలల పండ్రెండు దినములు కూడ గడచినవనియు, పాండవులు మాట తప్పినవారు కారనియు చెప్పెను. లెక్క తేలినది. అయినను రాజ్యమిచ్చుటకు దుర్యోధనుడు అంగీకరింపలేదు.

భారతము చదువుకొన్న ప్రతి విద్యార్థియు ఎరిగిన ఈ ఘట్టములో నొక సత్యమున్నది. గడువును గూర్చిన తగవు పైకి దినముల లెక్కగా కనబడును. లోపల నుండునది వేరు. ఇయ్యదలచినవాని చేతిలో గడువొక క్రమము. ఇయ్యనొల్లనివాని చేతిలో అదియే యొక సాకు. శాసనసభలు, న్యాయస్థానములు, కార్యాలయములు వెలసిన ఈ కాలమున కూడ ఈ సత్యము మారలేదు. అమెరికా దేశమున నొక మాజీ సైనికుని విషయమై జరిగిన వ్యాజ్యము ఇందుకు చక్కని నిదర్శనము.

హెండర్సన్ అను ఆ సైనికుడు కొరియా యుద్ధకాలమున, 1950 మొదలు 1952 వరకు, అమెరికా సైన్యమున పనిచేసెను. ఆయనకు సంక్రమించిన పారనాయిడ్ స్కిజోఫ్రీనియా యను మానసిక వ్యాధి సైనిక సేవకు సంబంధించినదేయని ప్రభుత్వమే అంగీకరించినది. 1992లో ఆయనను నూటికి నూరు పాళ్ళు అశక్తునిగా గుర్తించినది. వ్యాధి ముదిరి, ఇంటివద్ద కనిపెట్టుకొనియుండు మనిషి లేనిదే గడవని స్థితి రాగా, అందుకు అదనపు భృతి నిమ్మని ఆయన 2001లో అర్జీ పెట్టుకొనెను. ప్రాంతీయ కార్యాలయము కాదన్నది. అప్పీళ్ళ బోర్డు 2004 ఆగస్టులో ఆ నిర్ణయమునే ఖాయపరచినది.

బోర్డు కాదన్న పిమ్మట మాజీ సైనికుల అప్పీళ్ళ న్యాయస్థానమను ప్రత్యేక న్యాయస్థానమునకు పోవచ్చును. అందుకు 120 దినముల గడువున్నది. హెండర్సన్ అప్పీలు ఆ గడువు దాటిన 15 దినములకు చేరినది. తన వ్యాధియే తన ఆలస్యమునకు కారణమని ఆయన విన్నవించుకొనెను. ఏ రోగము వలన ఈతడు తన పనులు తాను చేసికొనజాలడని ప్రభుత్వము ఒప్పుకొన్నదో, ఆ రోగమున్నవాడు దినములు లెక్కపెట్టుకొని కాగితము దాఖలు చేయలేదని ద్వారము మూయబడినది. ఇందలి విపరీతమును గ్రహించుటకు న్యాయశాస్త్ర పరిజ్ఞానము అక్కరలేదు.

ఈ ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడిన విధమును కొంత తెలిసికొనుట మంచిది. అమెరికాలో 1988 వరకు మాజీ సైనికుని భృతి విషయమున ప్రభుత్వ శాఖ చెప్పిన మాటయే చివరి మాట. దానిపై న్యాయస్థానములకు పోవు దారి దాదాపు మూసియుండెను. న్యాయవాదిని పెట్టుకొనుటయు సాధ్యముగాని పని. అంతర్యుద్ధ కాలమున, 1864లో, సైనికుల సొమ్మును దళారులు కాజేయకుండ కాపాడుటకని న్యాయవాది ప్రతిఫలమును 10 డాలర్లకు పరిమితము చేసిరి. ధరలు పెరిగినవి, లోకము మారినది; ఆ పది డాలర్ల హద్దు మాత్రము నూరేండ్లకు పైగా నిలిచినది. 1985లో సుప్రీంకోర్టు సైతము దానిని సమర్థించినది. కాపాడుటకు కట్టిన గోడయే తుదకు చెరసాల గోడ యైనది. 1988 నాటి చట్టము ఈ రెండు అడ్డంకులను సడలించి, కొత్త న్యాయస్థానమును నెలకొల్పినది. ఆ న్యాయస్థానమునకు పోవు హక్కు సైనికునికే గాని ప్రభుత్వ శాఖకు లేదు. బోర్డు తీర్పు సైనికునికి అనుకూలముగా నున్నచో శాఖ దానికి బద్ధమై యుండవలసినదే. ఇంతటి దయతో చేసిన ఏర్పాటులో ఆ 120 దినముల గడువొక భాగము.

ఆ గడువు విషయమున కూడ మొదట కొంత మెత్తదనముండెను. అప్పీలు న్యాయస్థానమునకు చేరిన దినము కాక టపా ముద్ర పడిన దినమునే లెక్కలోనికి తీసికొనవచ్చునని 1994లో సవరణ చేసిరి. శాఖ ఉద్యోగి మాట నమ్మి కాగితమును వేరొక చోట ఇచ్చినవానికి 1998లో పై న్యాయస్థానము సాయపడినది. మతిస్థిమితము లేమి కూడ గడువును నిలుపుటకు తగిన కారణము కావచ్చునని 2004లో అదే న్యాయస్థానము చెప్పినది. ఈ పద్ధతి సాగియున్నచో హెండర్సన్ మాట వినుటకు ఆటంకముండెడిది కాదు.

ఇంతలో 2007లో సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యమున నొక తీర్పు చెప్పినది. అది ఒక ఖైదీకి సంబంధించినది. అప్పీలుకు చట్టము ప్రకారము 14 దినముల వ్యవధియే యుండగా, క్రింది న్యాయమూర్తి పొరపాటున 17 దినముల గడువిచ్చుచు ఉత్తరువులో తేదీ వ్రాసెను. ఖైదీ ఆ తేదీకి ఒక దినము ముందుగనే అప్పీలు వేసెను. అయినను చట్టపు గడువుకు రెండు దినములు మించినది. న్యాయమూర్తి చేసిన పొరపాటు ఖైదీకి రక్షణ కాదనియు, చట్టము విధించిన అప్పీలు గడువు న్యాయస్థానపు అధికార పరిధికే సంబంధించినదనియు అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. నలుగురు విభేదించిరి. ఈ తీర్పును పట్టుకొని 2008లో మాజీ సైనికుల న్యాయస్థానము హెండర్సన్ అప్పీలును త్రోసిపుచ్చినది. 2009లో పై న్యాయస్థానమును అదియే సరియన్నది.

అధికార పరిధి అను మాట విద్యార్థులకు కొరుకుడు పడకపోవచ్చును. దానినిట్లు చెప్పవచ్చును. వేళ దాటిన పిదప వచ్చినవానికి తలుపు మూసియుండును. తట్టినచో లోపలివారు కారణమడుగుదురు. తగిన కారణమైనచో తెరతురు, కానిచో పొమ్మందురు. ఇది సాధారణమైన గడువు. తలుపే లేని గోడ వేరు. దానిని ఎంత తట్టినను ఫలము లేదు. లోపలివారికి జాలి కలిగినను తెరచుటకు వారి చేతిలో నేమియు నుండదు. ఎదుటి పక్షము అభ్యంతరము చెప్పకున్నను న్యాయస్థానమే వ్యాజ్యమును కొట్టివేయవలెను. 120 దినముల గడువు తలుపా, గోడయా అనుటయే హెండర్సన్ వ్యాజ్యములోని ప్రశ్న.

2011 మార్చి 1వ తేదీన సుప్రీంకోర్టు అది గోడ కాదని తేల్చినది. విచారణలో పాల్గొన్న ఎనమండుగురును ఏకాభిప్రాయముతో నుండిరి. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి శామ్యూల్ అలిటో. శాసనసభ గోడ కట్టదలచినచో ఆ సంగతి స్పష్టముగా చెప్పియుండెడిదనియు, ఆ గడువును న్యాయస్థానపు అధికారమును తెలుపు భాగమున కాక విచారణ పద్ధతులను తెలుపు భాగమున చేర్చినదనియు ఆయన చూపెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. మాజీ సైనికుల భృతి వ్యవహారము వాది ప్రతివాదుల పోరాటము కాదు. అర్జీ పెట్టుకొనుటకు గడువు లేదు. ఆధారములు సమకూర్చుటలో శాఖయే అర్జీదారునికి తోడ్పడవలెను. ఇరువైపుల ఆధారములును సమముగా తూగినప్పుడు మొగ్గు సైనికుని వైపే. ఇట్టి ఏర్పాటులో కడపటి మెట్టున నొక కఠినమైన గోడను కట్టుట శాసనకర్తల అభిమతము కాజాలదని తీర్పు సారాంశము. అప్పటికి గడచిన పదేండ్లలో ఆ ప్రత్యేక న్యాయస్థానము గుణదోషములు విచారించి తీర్పు చెప్పిన వ్యాజ్యములలో సుమారు 79 శాతమున సైనికునకు ఏదో యొక మేలు కలిగినదను సంగతిని కూడ ఆ తీర్పు పేర్కొన్నది. అనగా లోపలికి రానిచ్చిన ప్రతి అయిదుగురిలో నలుగురి మొరలో ఎంతో కొంత న్యాయమున్నదన్న మాట. తలుపు వద్దనే త్రిప్పి పంపబడినవారి మొరలలో ఎంత న్యాయముండెనో ఎవరు చెప్పగలరు?

అయితే ఈ విజయమును చూచుటకు హెండర్సన్ లేడు. విచారణకు రెండు నెలలలోపుననే, 2010 అక్టోబరులో, ఆయన మరణించెను. భార్య ఆయన పక్షమున వ్యాజ్యమును కొనసాగించినది. తీర్పు కూడ ఆయనకు భృతి నిమ్మని చెప్పలేదు. ఆలస్యమునకు కారణమును వినుటకు న్యాయస్థానమునకు అధికారము కలదని మాత్రమే చెప్పినది. అప్పీలును వినవచ్చునా లేదా యను ప్రశ్న తేలుటకే ఆరేండ్లు మించినవి. అర్జీపై బోర్డు నిర్ణయము వచ్చుటకు అంతకుముందు మూడేండ్లు పట్టినది. సైనికుడు ఆలస్యము చేసినది 15 దినములు. దానికి ఆయన హక్కు పోవుటకు సిద్ధమైనది. సంవత్సరముల కొలది జరిగిన తక్కిన ఆలస్యమునకు ప్రభుత్వము కోల్పోయిన దేమియు లేదు. గడువులు ఒక పక్షమునకే కట్టుబాటై రెండవ పక్షమునకు కాకపోవుట ఏ ధర్మమనిపించుకొనును?

గడువులే వలదని దీని యర్థము కాదు. ఇందు రెండవ పక్షమున గల న్యాయమును కాదనరాదు. ఉపాధ్యాయులకు ఈ సంగతి బాగుగా తెలియును. పరీక్ష దరఖాస్తుకు కడపటి తేదీ లేనిచో పరీక్షయే జరుగదు. కాలము గడచిన కొలది సాక్షులు పోవుదురు, కాగితములు చెదలు పట్టును, జ్ఞాపకములు మాయును. తగవులకు ఎన్నడో యొకనాడు ముగింపు లేనిచో ఏ తీర్పునకును స్థిరత్వముండదు. వేళకు వచ్చిన తొంబదిమందికి, వేళ మీరిన పదుగురికి ఒకే మర్యాద జరిగినచో వేళకు వచ్చుట మూర్ఖత్వముగా తోచును. సోమరికి చూపిన దయ శ్రద్ధావంతునికి చేసిన అన్యాయము. ఇవన్నియు నిజములే.

కాని సోమరిని, అశక్తుని ఒకే గాట కట్టుట వివేకము కాదు. రామాయణమున సీతను వెదకుటకు పంపుచు సుగ్రీవుడు వానరులకు నెల గడువిచ్చెను, మీరినవారికి మరణదండనమనెను. దక్షిణమునకు పోయిన అంగదాదులు స్వయంప్రభ గుహలో చిక్కుకొని గడువు దాటించుకొనిరి. తిరిగి పోయి చచ్చుటకంటె ఇచ్చటనే ప్రాయోపవేశము మేలని సముద్రతీరమున కూర్చుండిరి. సంపాతి కనబడకున్నచో ఆ గడువు భయము వలననే సీత జాడ తెలియకుండ పోయెడిది. కార్యము సాధించి వారు మధువనమును కొల్లగొట్టినప్పుడు సుగ్రీవుడు దినములు లెక్కింపలేదు. పని నెరవేరినదని గ్రహించి సంతసించెను. గడువు విధించినది సీతను వెదకుటకు. వెదకువారిని చంపుట దాని ప్రయోజనము కాదు. గడువు దేనికొరకు పెట్టబడినదో దానిని మరచి, గడువునే పూజించుట ఉత్సవ విగ్రహమును మరచి పల్లకిని పూజించుట వంటిది.

అందువలననే వివేకవంతములైన చట్టములు గడువును ఉంచుచునే కారణమును వినుటకు చోటుంచును. హెండర్సన్ తీర్పు తరువాత, 2011లోనే, అమెరికాలోని ఆ ప్రత్యేక న్యాయస్థానము తగిన కారణమున్నచో 120 దినముల గడువును నిలుపవచ్చునని అంగీకరించినది. అసాధారణమైన పరిస్థితి యుండవలెను, దాని వలననే ఆలస్యము జరిగియుండవలెను, అర్జీదారుడు తన వలన నైనంత శ్రద్ధ చూపియుండవలెను. నిలువ నీడ లేక, ఉత్తరములు చేరక, గడువు దాటిన ఒక మాజీ సైనికురాలి విషయమున 2014లో పై న్యాయస్థానము ఇట్టి దుస్థితిని అసాధారణమైనదిగానే గుర్తించినది. సోమరికి ఇందు చోటు లేదు, అశక్తునికి కలదు. ఇంతకంటె గడువు గౌరవమునకు లోటేమి కలిగినది?

అయినను కథ ఇంతటితో ముగియలేదు. 2023 జనవరిలో అరెయానో అను నావికాదళపు మాజీ సైనికుని వ్యాజ్యమున సుప్రీంకోర్టు వేరొక గడువును గూర్చి తీర్పు చెప్పినది. సేవ నుండి విడుదలైన ఏడాదిలోపున అర్జీ పెట్టుకొన్నచో విడుదల నాటినుండి భృతి లభించును; తరువాత పెట్టుకొన్నచో సాధారణముగా అర్జీ నాటినుండియే. ఆయన 1981లో విడుదలయ్యెను; అర్జీ పెట్టుకొనినది 2011లో. విమానవాహక నౌకలో పనిచేయుచుండగా జరిగిన నౌకా ఘాతము వలన కలిగిన మానసిక వ్యాధియే ఈ ముప్పది యేండ్ల మౌనమునకు కారణమని ఆయన పక్షము వారి వాదము. న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగా కాదనిరి. ఈ విషయమున శాసనసభయే పలు మినహాయింపులను ఒక్కొక్కటిగా వ్రాసిపెట్టినది గనుక, వ్రాయని మినహాయింపును కల్పించుటకు న్యాయస్థానమునకు అవకాశము లేదని వారి హేతువు.

ఈ తీర్పు చట్టమును చదువుటలో తప్పని చెప్పుట కష్టము. శాసనకర్తలు వ్రాసినదానిని న్యాయమూర్తులు తుడిచివేయరాదు. కాని ఇచ్చట భారము శాసనకర్తలపై మరింతగా పడుచున్నది. మనసు చెదరినవానికి తాను రోగినని తెలియుటకే యేండ్లు పట్టును. ఆ సంగతి వైద్యమునకు తెలియును, కుటుంబమునకు తెలియును. చట్టమునకు తెలియకున్నచో దానిని తెలియజెప్పవలసినది శాసనసభయే. న్యాయస్థానపు చేతులు కట్టబడినవని తెలిసిన పిమ్మట కూడ ఊరకుండు శాసనసభ ఆ కట్టును తానే బిగించినదగును.

మన దేశమున నీ ప్రశ్న లేదనుకొనరాదు. తాడేపల్లిగూడెము చేరువ నున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. ఇంటింటి నుండియు సైన్యమునకు పోయినవారున్న ఆ యూరి వంటి చోట్ల పింఛను కాగితమనిన నేమో ఎవరికిని చెప్పనక్కరలేదు. మన సాయుధ దళముల ట్రైబ్యునల్ చట్టము 2007లో వచ్చినది. అర్జీ దాఖలుకు సాధారణముగా ఆరు నెలల గడువు. తగిన కారణము చూపినచో ఆ పిదప కూడ స్వీకరించు అధికారము ట్రైబ్యునలునకు కలదు. మన చట్టము మొదటినుండియు తలుపునే పెట్టినది, గోడను కట్టలేదు.

2008లో మన సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ వ్యాజ్యమున చెప్పిన తీర్పు కూడ తలచుకొనదగినది. ఆ సైనికుడు 1983లో అనారోగ్య కారణమున సైన్యమునుండి పంపివేయబడెను. అశక్తతా పింఛనుకై ఉన్నత న్యాయస్థానమున కెక్కినది 1999లో. పదునారేండ్ల ఆలస్యము. అయినను నెలనెలా ఇయ్యవలసిన పింఛనును ఈయకుండుట నెలనెలా జరుగుచున్న అన్యాయము గనుక హక్కు చావదని న్యాయస్థానము గ్రహించినది. పాత బకాయిని మాత్రము అర్జీకి ముందటి మూడేండ్లకు పరిమితము చేసినది. ఆలస్యమునకు వెల కట్టినది గాని హక్కునే అమ్మివేయలేదు. దయను, క్రమమును ఒకే త్రాసున తూచుట ఇట్లుండును.

ఆలస్యమును మన్నించుటలో ఉదారముగా నుండవలెనని మన సుప్రీంకోర్టు 1987లో చెప్పిన మాట న్యాయవాదులందరును తరచుగా ఉదహరింతురు. ఆ వ్యాజ్యమున ఆలస్యము చేసినవాడు నిరుపేద కాదు, ప్రభుత్వము. భూసేకరణ తగవులో ప్రభుత్వము వేసిన అప్పీలు నాలుగు దినములు ఆలస్యమైనది. ఆ నాలుగు దినములు మన్నింపబడినవి, మంచిదే. వేల ఉద్యోగులు, ప్లీడర్లు గల ప్రభుత్వమునకు నాలుగు దినముల దయ అవసరమైనప్పుడు, ఒంటరియై రోగియైన సైనికునికి పదునైదు దినముల దయ అవసరము కాదా?

పల్లెటూళ్ళలో ప్రోనోటు సంగతి తెలియనివారు లేరు. మూడేండ్లు దాటినచో నోటుకు కాలదోషము పట్టును. కోర్టులో దావా నిలువదు. కాని కాలదోషము నోటుకు పట్టును గాని బాకీకి పట్టదని పెద్దలకు తెలియును. అప్పిచ్చినవాడు అమాయకుడై తేదీ మరచినంత మాత్రమున, తీసికొన్న సొమ్ము ఎగవేసినవానిని ఊరు పెద్దమనిషి యనదు. సైనికునికి రాజ్యము పడియున్నది అట్టి బాకీయే. ఆతడు తన యౌవనమును, ఒక్కొక్కప్పుడు తన మతిని కూడ, అప్పుగా ఇచ్చినాడు. ఋణగ్రస్తుడు రాజ్యమైనప్పుడు కాలదోషమను మాట దాని నోట రాకుండుటయే మర్యాద.

ఇందు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడ పని యున్నది. సర్కారు కవరు వచ్చినప్పుడు ఊరిలోని ముసలివారు నేటికిని బడిపంతులు వద్దకో, చదువుకొన్న కుర్రవాని వద్దకో వత్తురు. ఉత్తరమును చదివి అర్థము చెప్పుటతో సరిపుచ్చక, అది చేరిన తేదీని దానిపై వ్రాయించి, బదులు చెప్పవలసిన కడపటి దినమును పెద్ద అక్షరములతో గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టించుట వలన ఒక కుటుంబపు హక్కు నిలువవచ్చును. కార్యాలయములు తమ ఉత్తరములందు గడువును అడుగున చిన్న అక్షరములలో దాచక, మొదటనే తెలుగున స్పష్టముగా వ్రాయవలెనని కోరుట భాషాభిమానులందరి బాధ్యత. అర్థము కాని భాషలో చెప్పిన గడువు చెప్పని గడువుతో సమానము.

కురుసభలో లెక్క తెలిసినవారు పెక్కురు. దినములు కూడుట దుర్యోధనునికిని వచ్చును. భీష్ముని ఆనాటి లెక్కకు విలువ వచ్చినది ఆయన గణితము వలన కాదు. తాను అన్నము తినుచున్న పక్షమునకు ప్రతికూలమైనను ఉన్నది ఉన్నట్లు కూడి చెప్పుట వలన. ప్రభుత్వపు గుమాస్తా బల్లపై గడువు దాటిన అర్జీ యొకటి పడినప్పుడు అతడు చేయవలసినదియు అదియే. దినములు కూడవలెను, తప్పదు. ఆ పిమ్మట కలము పెట్టుటకు ముందు, ఈ మనిషి ఏల ఆలస్యముగా వచ్చినాడని ఒక్కసారి అడుగవలెను.